అమ్మ తడిమే చోటు

జూన్ 3, సోమవారం

అమ్మ ఇవాళ రెండుసార్లు తడిమింది. మామూలుగా ఒక్కసారితో సరిపెట్టుకుంటుంది. పొద్దున లేపడానికి నేను వంగగానే చెయ్యి గాల్లో వెతుక్కుంటూ వచ్చి నా ఎడమ చెవి కింద ఆగుతుంది. అక్కడున్న పులిపిరి మీద వేలు పెట్టి "గురివిందా, నువ్వా" అంటుంది. అన్నాకే లేస్తుంది. ఇవాళ వేలు తీసి మళ్ళీ పెట్టింది.

"ఇదేంటే, గట్టిగా తగులుతోంది?"

"దోమ కుట్టిందమ్మా," అన్నాను.

అబద్ధం నోట్లో తయారుగా ఉన్నట్టే వచ్చేసింది.

పళ్ళ సెట్లు చేసే మా ల్యాబుకి వెళ్ళాక అద్దంలో చూసుకున్నాను. పుట్టినప్పటినుంచి ఎర్రగా ఉన్నది ఒక మూల నల్లబడింది. అమ్మ పెట్టిన పేరుకి ఇన్నేళ్ళకు న్యాయం జరిగింది. అచ్చం గురివింద గింజే, ఒంటినిండా ఎరుపు, చివర నలుపు. నవ్వొచ్చింది. కాసేపటికి మళ్ళీ చూస్తే నవ్వు రాలేదు.

జూన్ 5

ఏమీ లేదు. దానంతట అదే తగ్గుతుంది.

జూన్ 6

అన్నయ్య ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా అదే ప్రశ్న. "పొద్దున గుర్తుపట్టిందా?"

"పట్టింది."

"నీ గొంతు విని పట్టిందా, మచ్చ తడిమా?"

"ఎలా పడితే నీకెందుకు? పట్టింది కదా."

అమ్మకి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది వెలుతురుందో లేదో మాత్రం చెబుతుంది. జ్ఞాపకం కూడా దాని దారినే పోతోంది. గొంతు గుర్తుంటుంది కదా అని అన్నయ్య వాదన. అమ్మ మాత్రం "గొంతుదేముంది, ఎవరైనా నేర్చుకుంటారు" అంటుంది. ఆ అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు కానీ ఒకసారి వచ్చాక వదల్లేదు. నేను "అమ్మా" అంటే ముఖం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం నా మెడ వైపు చాపుతుంది.

పోయినసారి వచ్చినప్పుడు అన్నయ్య వంటింట్లో నన్ను నిలబెట్టి మాట్లాడాడు. వాడి ఊరి దగ్గర ముసలివాళ్ళ హోము ఒకటి చూశాడట. నర్సులున్నారు, గాలీ వెలుతురూ ఉన్నాయి. "నువ్వు అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళయిందే? ఎండిపోతున్నావు," అన్నాడు. నేను పోట్లాటకి దిగాను. చివరికి వాడే ఒక మాట తెచ్చాడు. "అమ్మ నిన్ను గుర్తుపట్టినన్నాళ్ళూ నేను మాట్లాడను. గుర్తుపట్టని రోజు నువ్వు మాట్లాడొద్దు."

సరే అన్నాను. అప్పుడు పులిపిరి ఎర్రగా, పైన గరుకైనా నొక్కితే మెత్తగా ఉంది. నా ఒంటిమీదున్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

జూన్ 10, సోమవారం

పూర్తిగా నల్లబడింది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఒకటే మాట, అదే అయితే అమ్మనెవరు చూస్తారు, అదే అయితే అమ్మనెవరు చూస్తారు.

అది కాదు.

డాక్టరమ్మ చిన్న దీపమున్న భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది. "రక్తనాళాలు గుత్తిగా పెరిగిన మచ్చ ఇది. ప్రమాదం లేని రకం. లోపల రక్తం గడ్డకట్టింది, అందుకే ఈ నలుపు. నాకు అనుమానం లేదు గానీ నల్లబడిందాన్ని పరీక్ష చేయకుండా వదలను. ఇప్పుడే తీసి పంపించేద్దామా? ఐదు నిమిషాల పని."

"వద్దండీ."

"అయితే కొన్నాళ్ళు చూద్దాం. అదే ఊడిపోయేలా ఉంది. ఊడాక పారేయకుండా సీసాలో వేసుకుని తీసుకురండి. రక్తం వచ్చినా, పెరిగినా ఆగకుండా రండి."

"అదే ఎలా ఊడుతుంది?"

ఆవిడ కాగితం మీద బొమ్మ వేసింది. గడ్డకట్టాక అది చర్మానికి తనది కాకుండా పోతుందట. చుట్టుపక్కల చర్మం పెరిగి, రెండు వైపులనుంచీ దాన్ని పట్టుకుని, కొంచెం కొంచెంగా పైకి తోస్తుందట. ఆ తోసేటప్పుడే కింద కొత్త పొర పరుచుకుంటూ వస్తుందట. "ఒకరోజు స్నానంలోనో తువ్వాలులోనో రాలిపోతుంది. నొప్పి కూడా తెలియదు."

"రాలకుండా ఉంచడానికి మందేమైనా ఉందాండీ?"

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "మచ్చ పోగొట్టమని అడిగేవాళ్ళు రోజూ వస్తారమ్మా. ఉంచమన్నవాళ్ళు మీరే."

నేను కారణం చెప్పలేదు. చెబితే ఆవిడ జాలిపడుతుంది. జాలి నా ఒంటికి పడదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్కనున్న ముసలాయన పాపం జబ్బు బయటపడిందనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

జూన్ 12

పట్టీ వేశాను. ఒరుసుకోకుండా ఉండడానికే.

జూన్ 13

పట్టీ ఒరుసుకోకుండా ఉండడానికే. ఊడకుండా పట్టి ఉంచడానికి కాదు.

జూన్ 14, శుక్రవారం

అమ్మ వేలు పట్టీ మీద ఆగింది. గోటితో అంచు గీకింది. పాలగ్లాసు తోసేసింది. పాలన్నీ పక్క మీదే. పట్టీ పీకేసి, చెయ్యి పట్టుకుని మళ్ళీ పెట్టించాను. చాలాసేపు తడిమి "గురివిందా" అంది. కానీ ప్రశ్న అడుగుతున్నట్టు అంది.

అమ్మని పగలు చూసుకునే ఆవిడ వచ్చేసరికి దుప్పటి ఉతుకుతున్నాను. ఆవిడకి ఈ బాధ లేదు. అమ్మ ఆవిణ్ణి తన చిన్నప్పటి టీచరనుకుంటుంది. ఆవిడ "తినాలి" అంటే బుద్ధిగా చేతులు కట్టుకుని తినేస్తుంది. నాకు అసూయగా ఉంది. రాసుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే.

జూన్ 17, సోమవారం

సాయంత్రం ముఖం కడుక్కుని తుడుచుకుంటే తువ్వాలులో కనిపించింది.

మిరియపు గింజంత. పైన గరుకు, అడుగున దొప్పలా వంగి ఉంది. పుండు ఉంటుందేమోనని అద్దం దగ్గరికి పరుగెత్తాను. రక్తం లేదు. గులాబిరంగు చర్మం, పసిపిల్ల బుగ్గంత నున్నగా. ఇన్నేళ్ళు అక్కడ ఒకటి ఉండేదని ఎవరికి చెప్పినా నమ్మరు.

నా చర్మం మీద కోపమొచ్చింది. మారిపోయినదాన్ని ఎంత మర్యాదగా పంపించేసింది. కొత్త పొర సిద్ధం చేసుకుని మరీ గెంటేసింది. అన్నయ్య కూడా హోములో గది చూసుకునే కదా నాతో మాట్లాడాడు.

సీసాలో వేశాను.

జూన్ 18

పొద్దున నేను లేపలేదు. పగలావిణ్ణి త్వరగా రమ్మని ఫోన్ చేసి, గుమ్మంలో నిలబడి చూశాను. అమ్మ చెయ్యి గాల్లోకి లేచింది. అలా వెతుకుతూ ఉండిపోయింది. ఆవిడ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

ల్యాబులో పై వరస పళ్ళ సెట్టు ఒకటి మైనంలో అమరుస్తున్నాను. చిగురు భాగానికి పూసే గులాబిరంగు పొడి ఎదురుగా డబ్బాలో ఉంది. చేతులు ఆగిపోయాయి. ముక్కూ మూతీ చెయ్యను గానీ, నోట్లో మనిషికి పుట్టుకతో వచ్చినట్టుండేవి చెయ్యడమే నా పని. ఒక పులిపిరి చెయ్యలేనా?

సీసాలోది మైనంలో ఒత్తి అచ్చు తీశాను. పాత ఫొటో ముందు పెట్టుకుని ఎరుపు కలిపాను. ఎక్కువైంది, ఇంకాస్త గులాబి. దీపం కిందా చూశాను, కిటికీ దగ్గరా చూశాను. ఓనరు వచ్చి "ఎవరి పన్ను అది, అంత శ్రద్ధగా చేస్తున్నావు?" అన్నాడు. మా అమ్మది అన్నాను. అది కూడా నోట్లో తయారుగా ఉన్నట్టే వచ్చింది.

జూన్ 19, బుధవారం

నేను ఒట్టి మూర్ఖురాలిని.

కనురెప్పల వెంట్రుకలు అంటించుకునే జిగురుతో పెట్టుకున్నాను. అద్దంలో నాకే తేడా తెలియలేదు. గర్వంగా వంగాను. అమ్మ వేలు వచ్చింది, పెట్టింది, జారింది. మళ్ళీ పెట్టింది, జారింది.

పాలిష్ చేశాను! చక్రం మీద పెట్టి, ముందు గరుకు రాతిపొడితో, తరవాత మెత్తటి గుడ్డతో, అద్దంలా మెరిసేదాకా. నోట్లోకి పోయే వస్తువు ఇంత గరుకున్నా నాలుక ఊరుకోదని ఓనరు మొదటిరోజు నేర్పిన పాఠం. చేతులకి ఆ ఒక్కటే తెలుసు. రంగు కోసం ఒక పూటంతా తగలేశాను, కళ్ళు లేని మనిషి కోసం. ఆవిడకి కావలసింది గరుకు, దాన్నే పనిగట్టుకుని అరగదీశాను.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని పమిట సర్దుకుంది.

"ఎవరండీ మీరు?"

మా అమ్మ నన్ను "మీరు" అంది.

జూన్ 20

రెండోది చేశాను. గట్టి పొడితో కాదు, చిగుళ్ళు నొప్పి పుట్టకుండా సెట్టు లోపల వేసే మెత్తటి పదార్థంతో. పాలిష్ చక్రం వైపు చూడనైనా లేదు. పైన సూదితో పొడిచి గరుకు చేశాను.

జూన్ 21, శుక్రవారం

చంకలో పెట్టుకుని వెచ్చబరిచి అంటించుకున్నాను. అమ్మ వేలు పెట్టింది. పెట్టిన వేలు తియ్యలేదు.

"గురివిందా! ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? ఎవరెవరో వస్తున్నారింట్లోకి."

"ఎక్కడికీ పోలేదమ్మా."

పాలు తాగింది. మాత్ర మింగింది. జుట్టు దువ్వించుకుంది. నేను ఇలా ఎన్నాళ్ళయినా చెయ్యగలను. రోజుకొకటి చెయ్యగలను. తప్పేముంది? పళ్ళ సెట్టు పెట్టుకున్నవాళ్ళు అబద్ధంతో నములుతున్నారా?

ఆదివారం అన్నయ్య వస్తానన్నాడు. రానీ.

జూన్ 22

సీసా డాక్టరమ్మకి ఇచ్చి వచ్చాను. మెడ చూసి "బ్రహ్మాండంగా మానిందే!" అంది. అవునండీ అన్నాను.

జూన్ 23, ఆదివారం

రాయాలని లేదు.

జూన్ 24

రాయకపోతే నిన్నటిది తలలోనే తిరుగుతోంది.

అన్నయ్య పొద్దున్నే దిగాడు. నేను వాడి ఎదురుగానే అమ్మ మీదికి వంగాను. అమ్మ "గురివిందా" అంది. వాడు తలూపాడు. నా ముఖంలో గెలిచిన కళ వచ్చే ఉంటుంది, వాడు కాస్త వింతగా చూశాడు. అంతటితో లేచిపోవాల్సింది. నాకింకా కావలసివచ్చింది. "మళ్ళీ చూడమ్మా, సరిగ్గా చూడు, నేనే కదూ," అన్నాను.

అమ్మ మురిపెంగా గిల్లింది, చిన్నప్పుడు గిల్లినట్టే.

ఊడి చేతిలోకి వచ్చేసింది.

అమ్మ రెండు వేళ్ళ మధ్య దాన్ని నలిపింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వేసిన కేక చచ్చేదాకా మరిచిపోలేను. "నా పిల్లదే ఇది! నా పిల్లదే! దాన్నేం చేశారు? కోసేశారా? ఏదీ నా పిల్ల?" నేను "అమ్మా నేనేనమ్మా, ఇక్కడే ఉన్నాను" అంటూ పట్టుకుంటే రెండు చేతులతో తోసేసింది. కొట్టింది. నన్ను కొడుతూ నాకోసం ఏడ్చింది.

అన్నయ్య ఒళ్ళోకి తీసుకుని ఊరుకోబెట్టాడు. అలిసిపోయి పడుకున్నాక పిడికిలి విప్పి దాన్ని తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు చేశావా?"

"ఊఁ."

"బాగా చేశావు," అన్నాడు. వెక్కిరింపు కాదు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. "ఎప్పుడు పోయింది?"

"పోయిన సోమవారం."

"అంటే అప్పటినుంచీ..."

"ఊఁ."

వాడు దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది, ఎదురు తిరగడానికి వీలుండేది. "మాట అనుకున్నాం కదే," అన్నాడు చివరికి. "ఒకటో తారీఖున బండి తీసుకొస్తాను."

నేను మాట్లాడలేదు. మాట్లాడనని ఒప్పుకున్నదాన్ని.

జూన్ 25

ఆ రోజు నిద్రలేచేసరికే అమ్మకి కేక గుర్తులేదు. మా అమ్మాయి పనికి వెళ్ళింది అంది, తనకి తనే.

జూన్ 26, బుధవారం

పరీక్ష ఫలితం వచ్చింది. భయం లేదు. గడ్డకట్టిన రక్తనాళాలు, వాటిని చుట్టుకుని పైకి తోసిన చర్మం, అంతే ఉందట. డాక్టరమ్మ ఫోన్‌లో సంతోషంగా చెప్పింది. "ఒంటికి తెలుసమ్మా ఏది ఉంచుకోవాలో, ఏది వదిలించుకోవాలో."

థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఒంటికేం తెలుసు. ఎవర్నడిగి పంపించింది?

జూన్ 27

ఇప్పుడు అమ్మ లెక్కలో నేను కొత్తగా పనికి కుదిరిన ఆవిణ్ణి. అమ్మ నాకు కుర్చీ చూపిస్తుంది. నేను అన్నం కలిపిస్తే "మీకెందుకండీ శ్రమ" అంటుంది. తింటుంది మాత్రం, పరాయివాళ్ళ ముందు మారాం చెయ్యకూడదని. నేను ఇన్నాళ్ళు కూతురిగా బతిమాలినా తినని పూటలున్నాయి.

బట్టలు సర్దడం మొదలుపెట్టాను. స్వెట్టరు పెట్టాలా వద్దా?

జూన్ 28, శుక్రవారం

అమ్మకి కబుర్లు పుట్టుకొచ్చాయి. నాతో మాటలు తగ్గి ఏడాది దాటింది. ఈ కొత్తావిడతో ఆపకుండా మాట్లాడుతోంది.

"మా అమ్మాయి పళ్ళు చేస్తుందండీ. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు దాని మచ్చ చూసి నవ్వితే ఇద్దర్ని కొరికి వచ్చింది. అప్పుడే అనుకున్నా, దీనికి పళ్ళతోనే పని పడుతుందని."

నవ్వేశాను. అమ్మ కూడా నవ్వింది.

"పొగరండీ దానికి. ఒక్క మాట పడదు. మొండిఘటం."

"మరి వేగలేక చస్తున్నారేమో మీరు," అన్నాను.

"నేనెందుకు వేగలేను?" అమ్మకి కోపమొచ్చింది. గొంతు తగ్గించి నా వైపు వంగింది. "అది ఇంట్లో తిరుగుతుంటే నాకు భయముండదండీ. కళ్ళు పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు, అదుంది కదా అని. ఈ మాట దానితో అనకండేం. నెత్తికెక్కుతుంది."

అననని మాటిచ్చాను.

నలభై ఏడేళ్ళొచ్చాయి నాకు. ఈ మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. కూతురిగా ఉన్నంతకాలం వినేదాన్ని కూడా కాదు.

జూన్ 30

స్వెట్టరు పెట్టాను. తీశాను. పెట్టాను.

జూలై 1, సోమవారం

బండి పొద్దున పదింటికి వచ్చింది. అన్నయ్య పెట్టె వెనకాల పెట్టించాడు. పగలావిడ మూల నిలబడి కళ్ళు ఒత్తుకుంటోంది. నేను అమ్మకి చెప్పులు తొడిగాను. రాత్రంతా అనుకున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి, ఒక్కటీ అనలేదు. అననని ఒప్పుకున్నాను కదా.

అన్నయ్య "అమ్మా, నేనమ్మా, మా ఊరు పోదాం పద" అన్నాడు. వాణ్ణి గుర్తుపట్టిందో లేదో తెలియదు, మగగొంతు విని అబ్బాయి అనుకుంది. లేచింది, నాలుగడుగులు నడిచింది. గుమ్మం దగ్గర చల్లగాలి తగలగానే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళు?"

అన్నయ్య వంగి అమ్మ చెప్పు సరిచేశాడు.

అమ్మ చెయ్యి గాల్లో వెతికి నా భుజం పట్టుకుంది. మెడ వైపు వెళ్ళలేదు. "ఏమండీ," అంది నాతో, మెల్లగా, వాడికి వినబడకూడదన్నట్టు. వాడు మూరెడు దూరంలోనే ఉన్నాడు. "మా అమ్మాయి ఇంకా పనినుంచి రాలేదండీ. నేను చెప్పకుండా వెళ్ళిపోతే అది ఇల్లంతా వెతుక్కుంటుంది. పైకి ఏడవదు, లోపల్లోపలే కుమిలిపోతుంది. నాకు దాని దగ్గరే ఉండాలనుంది. మా అబ్బాయికి చెప్పడానికి మొహమాటంగా ఉంది. మీరైనా చెప్పరూ?"

నేను అన్నయ్య వైపు చూశాను. పెదవి కదపలేదు. ఒట్టు.

వాడు గోడకి చెయ్యి ఆనించి తల వంచుకుని నిలబడ్డాడు. తరవాత వెనక్కి తిరిగి బండి దగ్గరికి వెళ్ళి, పెట్టె తనే దించి, తనే మోసుకుంటూ లోపలికి తెచ్చాడు.

"చెప్పారా అండీ?" అంది అమ్మ.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సరే అన్నాడు."

సాయంత్రం దాకా ఉండి అన్నయ్య వెళ్ళిపోయాడు. నెలకి వారం రోజులు తను వచ్చి చూసుకుంటానన్నాడు. చూద్దాం. వెళ్ళేటప్పుడు ఇన్నేళ్ళలో మొదటిసారి నా తల నిమిరాడు.

అమ్మ వరండాలో కుర్చీ వేయించుకుంది. వీధి వైపు ముఖం పెట్టి కూర్చుంది. నేను టీ ఇచ్చి లోపలికి రాబోతుంటే పక్క కుర్చీ మీద చేత్తో తట్టింది.

"మీరూ కూర్చోండి. అది వచ్చే వేళయింది."

కూర్చున్నాను. ఇద్దరం నాకోసం ఎదురుచూశాం.